వేట కోసం తెచ్చిన దుప్పులు, మనుబోతులు: టెక్సస్‌లో స్థానిక జంతువులకి ఏం జరుగుతోంది?

మోదుగుపూలు

మధ్య టెక్సస్‌లోని హిల్ కంట్రీ వైపు స్థలాలు చూడ్డానికి వెళ్లే మనవాళ్లకి మొదట ఆశ్చర్యం కలిగించేవి అక్కడి జింకలే. నల్లమలలో కనిపించాల్సిన చుక్కల దుప్పులు జంక్షన్, కర్‌విల్ దగ్గర రోడ్డు పక్కన మేస్తుంటాయి. ఎత్తు కంచెల వెనక కృష్ణజింకలు. ఇంకా దక్షిణంగా కింగ్స్‌విల్ దాటితే మనుబోతులు. అన్నీ వేట కోసం తెచ్చి వదిలినవేనని తెలుసు. ఇక్కడ ఈ విషయం బాగా తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టి నాలుగు ప్రశ్నలు.

దుప్పి గడ్డి తింటుంది, ఇక్కడి తెల్లతోక జింక ఆకు తింటుంది అంటారు. అలాంటప్పుడు రెండింటికీ పోటీ ఎక్కడ వస్తుంది?

"కృష్ణజింక బతికిందంటే టెక్సస్ రాంచ్‌ల (పశువుల్నీ వేట జంతువుల్నీ పెంచే పెద్ద క్షేత్రాల) పుణ్యమే" అని వేటని సమర్థించేవాళ్లు అంటారు. అందులో నిజమెంత?

వీటికి సీజన్ లేదు, ఇన్ని అనే లెక్క లేదు, ఏడాది పొడవునా కాల్చుకోవచ్చు. అయినా ఎందుకు తగ్గడం లేదు?

చివరిది. 40 ఎకరాలు కొన్నవాళ్ల స్థలంలోకి దుప్పుల మంద వస్తూపోతూ ఉంటే వాళ్లు చేయగలిగేది ఏమైనా ఉందా? వైల్డ్‌లైఫ్ కింద పన్ను తగ్గింపుకి ఈ దుప్పులు పనికొస్తాయా?

గడ్డిపరక

మొదటి ప్రశ్నకి జవాబు పొట్టలో ఉంది.

నెమరు వేసేవన్నీ ఒకటి కాదు. తెల్లతోక జింకకి నెమరుపొట్ట చిన్నది, మేత అందులో ఎక్కువసేపు నిలవదు. అందుకని తేలిగ్గా అరిగేవి ఏరుకుని తినాలి: వెడల్పాకు కలుపు మొక్కలు, పొదల చిగుళ్లు, ఓక్ కాయలు. ముదిరిన గడ్డిని దాని పొట్ట అరిగించుకోలేదు. పొట్ట నిండా గడ్డి ఉండగానే బక్కచిక్కి చచ్చిపోతుంది.

దుప్పి అలా కాదు. వానలు పడి గడ్డి పచ్చగా ఉన్నంతకాలం గడ్డే మేస్తుంది. ఆ నెలల్లో చూసినవాళ్లు పోటీ ఏమీ లేదనే అంటారు, అప్పటికి అది నిజమే కూడా. గడ్డి ఎండిందంటే వెడల్పాకు మొక్కల మీద పడుతుంది, అవీ అయిపోతే పొదల్లోకి దిగుతుంది. ఆ కరువు నెలల్లో తెల్లతోకకి ఉన్న ఒక్క కంచంలో ఇదీ చెయ్యి పెడుతుంది. తెల్లతోక మాత్రం దీని గడ్డి కంచంలో చెయ్యి పెట్టలేదు. పోటీ అంతా ఏడాదిలో ఆ కొద్ది నెలల్లోనే, ఆగస్టు ఎండల్లోనూ చలికాలం చివర్లోనూ జరుగుతుంది. వానలు బాగా పడిన ఏడాది వెళ్లి చూసి "రెండూ కలిసిమెలిసి ఉన్నాయి" అనుకోవడం వల్లే ఈ విషయం మీద ఇన్ని వాదనలు.

దీన్ని కంచె వేసి మరీ చూశారు. కర్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో 1971లో 96 ఎకరాల దడిలో 6 తెల్లతోకల్నీ 6 సికా జింకల్నీ వదిలారు. సికా తూర్పు ఆసియాది, తిండి పద్ధతి దుప్పిలాంటిదే. తొమ్మిదేళ్లయ్యేసరికి సికాలు 62. తెల్లతోకలు సున్నా.  తర్వాత దుప్పులతో చేసినప్పుడూ తగ్గింది తెల్లతోకలే.

దుప్పి గెలిచేది ఎక్కువ పిల్లల్ని పెట్టి అనుకుంటారు చాలామంది. అది తప్పు. మంచి మేత దొరికితే తెల్లతోక కవల పిల్లల్ని పెడుతుంది, దుప్పి సాధారణంగా ఒక్కదాన్నే ఈనుతుంది. తేడా ఏమిటంటే తెల్లతోకలు నవంబరు ప్రాంతంలో జతకట్టి దాదాపు అన్నీ ఒకేసారి జూన్‌లో ఈనుతాయి. ఆ ఏడాది మే, జూన్‌లలో వానలు తప్పితే తల్లులకి పాలుండవు, ఆ తరం మొత్తం పోతుంది. దుప్పి ఏ నెలలోనైనా ఈనగలదు. ఒక మందలో ఒకే రోజున పుట్టినదీ, మూడు నెలలదీ, ఏడాదిదీ కలిసే కనిపిస్తాయి. ఒక కరువు మొత్తాన్ని తుడిచిపెట్టలేదు.

ఇక జింకల్ని దాటి చూడండి, ఎందుకంటే మన చర్చలన్నీ జింకల దగ్గరే ఆగిపోతాయి. నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తు దాకా పొదలు బోడి అయిపోతే బ్లాక్‌క్యాప్డ్ వీరియో అనే చిన్న పిట్టకి గూడు కట్టుకునే చోటు పోతుంది. అది కట్టేదే ఆ ఎత్తులోపు గుబురుల్లో. ఓక్ మొలకల్ని ఏటికేడు కొరికేస్తుంటే ముసలి చెట్లు పడిపోయాక వాటి చోట లేచే పడుచు చెట్లుండవు. గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ గూడుకి ముసలి జునిపర్ బెరడు పీచు కావాలి, పిల్లలకి పెట్టే పురుగుల కోసం ఓక్‌లూ కావాలి. ఆ పిట్ట గూడు కట్టేది ప్రపంచం మొత్తంలో టెక్సస్‌లోనే.

న్యాయంగా చెప్పాలంటే ఆ అడవిని మొదట బోడి చేసింది మేకలూ గొర్రెలే. వాటి కోసమే తోడేళ్లని పూర్తిగానూ, కూగర్లని (కొండ సింహాల్ని) చాలావరకూనూ చంపేశారు. ఆ తర్వాత 1960లలో మొదలుపెట్టి స్క్రూవార్మ్ ఈగని నిర్మూలించారు. అంతకుముందు అప్పుడే పుట్టిన పిల్లల బొడ్డు పుండులో ఆ ఈగ గుడ్లు పెట్టి చాలా జింక పిల్లల్ని చంపేది. అలా ఖాళీ అయిన ఇంట్లోకి దుప్పి వచ్చింది. నల్లమలలో దాని వెనక పులి, చిరుత, రేచుకుక్కలు ఉంటాయి. ఇక్కడ దాన్ని నిజంగా దెబ్బతీసింది చలి ఒక్కటే. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో దుప్పులూ కృష్ణజింకలూ మనుబోతులూ పెద్ద సంఖ్యలో చచ్చాయి. దుప్పి ఒంట్లో కొవ్వు తక్కువ, అందుకే వారం రోజుల గడ్డకట్టే చలికి నిలవలేదు. కానీ మిగిలినవి మళ్లీ పెరిగాయి.

ఎర్రనేల

కృష్ణజింక సంగతి నేను చెబుతాను, ఇందులో సగం నిజం ఉంది కాబట్టి.

కృష్ణజింకని టెక్సస్‌లో 1932లో కర్ కౌంటీ ప్రాంతంలో మొదట వదిలారు. పాకిస్తాన్‌లో అది పూర్తిగా అంతరించాక 1970 ప్రాంతంలో టెక్సస్ నుంచే కొన్నిటిని తీసుకెళ్లి లాల్ సుహాన్రా పార్కులో పెంచారు. ఇది నిజం, దీన్ని ఎవరూ కాదనక్కర్లేదు. కొమ్ములు కత్తుల్లా ఉండే ఆఫ్రికా జంతువు సిమిటార్ ఓరిక్స్ కూడా అలాంటిదే. అడవిలో అంతరించిందని 2000లో ప్రకటించిన జంతువుని 2016 నుంచి చాద్ దేశంలో మళ్లీ వదులుతున్నారు.

ఇక మిగతా సగం. ఇండియాలో కృష్ణజింక నిలబడింది టెక్సస్ వల్ల కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వల్ల, బిష్ణోయిల వంటి సమాజాల వల్ల, అక్కడక్కడ మిగిలిన గడ్డినేలల వల్ల. హైదరాబాద్ వనస్థలిపురంలోని హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం, ఇప్పుడు జాతీయ పార్కు. రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసం గడ్డిని కాపాడితే ముందు పెరిగింది కృష్ణజింకే, పంటల మీద పడి రైతులకి తలనొప్పి అయ్యేంతగా. ఎక్కడైనా గడ్డినేల ఉంటే అది తనంతట తనే పెరుగుతుంది.

రాంచ్ మందకి ఇంకో ఇబ్బంది. అక్కడ ఏ మగది పిల్లల్ని కంటుందో తేల్చేది కొమ్ముల పొడవు, కొనేవాడి చెక్కు. కొన్ని జంతువుల నుంచి పెరిగిన మంద, అందులో మళ్లీ ట్రోఫీ కోసం ఏరివేత. ప్రాణం పోసుకున్న బీమా పాలసీ అని దాన్ని అనొచ్చు, అంతకు మించి కాదు. పైగా ఒక జాతిని కాపాడటం వేరు, దాన్ని కంచె దాటించి ఇంకో నేల మీద వదలడం వేరు. మొదటిదానికి రెండోది అవసరం లేదు. ఎత్తు కంచె లోపలే ఉంచితే కృష్ణజింక వల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు. అది దుప్పి అంత సులభంగా అడవిలో స్థిరపడలేదు, ఎందుకంటే బయట బహిరంగ గడ్డినేల కావాలి, పిల్లల్ని కొయోట్లు (నక్కకీ తోడేలుకీ మధ్య సైజు జంతువులు) ఎత్తుకుపోతాయి.

రేచుకుక్క

గడ్డిపరక గారు తిండి చెప్పారు. రోగాలు, పురుగులు కూడా చెప్పాలి, నా దృష్టిలో నష్టం అక్కడే ఎక్కువ.

పశ్చిమ టెక్సస్‌లో ఔదాద్ అని ఉత్తర ఆఫ్రికా కొండ గొర్రె ఉంది. 1957, 58లలో పాలో డ్యూరో లోయలో వేట కోసం ప్రభుత్వమే వదిలింది. దానికి రాళ్లూ తక్కువ నీళ్లూ బాగా పడతాయి. అక్కడి సొంత జంతువు డెజర్ట్ బిగ్‌హార్న్ అనే అడవి గొర్రె, అదీ రాళ్లలోదే. 1960ల నాటికి టెక్సస్‌లో బిగ్‌హార్న్ పూర్తిగా పోయింది, తర్వాత ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చి దశాబ్దాలు కష్టపడి పెంచారు. ఇప్పుడు ఔదాద్ మేతకీ నీటిగుంటలకీ అడ్డం రావడమే కాక మైకోప్లాస్మా ఓవిన్యుమోనియే అనే సూక్ష్మజీవిని మోస్తోంది. ఔదాద్ తట్టుకుంటుంది. బిగ్‌హార్న్‌కి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి పెద్దవి చస్తాయి, బతికినవాటి పిల్లలు ఆ తర్వాత కొన్నేళ్లు నిలవవు. రెండూ ఒక గుంట దగ్గర ముక్కులు ఆనించుకుంటే చాలు. 2024 చివర్లో కొన్ని బిగ్‌హార్న్‌లని ఎల్ పాసో దగ్గర ఫ్రాంక్లిన్ కొండలకి తరలించారు. ఆ చోటుని ఎంచుకోడానికి ఒక ముఖ్య కారణం అక్కడ ఔదాద్ లేకపోవడం.

మనుబోతు కథ మనకి ఇంకా దగ్గరది. దాన్ని 1930ల ప్రాంతంలో కింగ్ రాంచ్ దక్షిణ టెక్సస్‌లో వదిలింది, ఇప్పుడు 30,000 పైమాటే అని అంచనా. మన పల్లెల్లో ఎద్దుల గంగడోలు కింద, పొదుగు దగ్గర పట్టుకుని ఉండే గోమారి ఉంది కదా, ఆ జాతి పిడుదే అమెరికాలో పశువుల్లో ఎర్రమూత్రం జ్వరాన్ని మోసేది. 1906లో మొదలుపెట్టి 1943 నాటికి దాన్ని దేశం నుంచి తుడిచేశారు, డెల్ రియో నుంచి గల్ఫ్ దాకా రియో గ్రాండే వెంబడి ఒక సన్నటి క్వారంటైన్ పట్టీ తప్ప. మెక్సికో వైపు నుంచి పిడుదు వస్తూనే ఉంటుంది కాబట్టి ఆ పట్టీ.

ఆ పిడుదు బతుకంతా ఒకే జంతువు మీద గడుస్తుంది. పిల్లగా ఎక్కి, రక్తం తాగి పెరిగి, దాదాపు మూడు వారాలకి రాలి, నేల మీద వేలల్లో గుడ్లు పెడుతుంది. గడ్డి పరక చివర కూర్చున్న పిల్ల పిడుదు నెలల తరబడి తిండి లేకుండా ఎదురు చూడగలదు. అందుకని పశువులకి మందు పడితే చక్రం తెగుతుంది: ఒకటి, రెండు వారాలకోసారి మందు నీళ్లలో ముంచడమో, దాదాపు నాలుగు వారాలకోసారి ఇంజెక్షనో, లేదా పొలాన్ని తొమ్మిది నెలలు ఖాళీగా ఉంచడమో. పొలాన్ని ఖాళీగా ఉంచిన ఆ తొమ్మిది నెలల్లో మనుబోతు అందులో తిరిగితే ఆ ఖాళీకి అర్థం లేదు.

తెల్లతోక మీదా పిడుదు ఎక్కుతుంది. కానీ దానికి ఐవర్‌మెక్టిన్ అనే పిడుదు మందు కలిపిన మొక్కజొన్న పెడితే వచ్చి తింటుంది. మనుబోతు మొక్కజొన్నకి రాదు. ఆ ఒక్క అలవాటు వల్ల మొత్తం కార్యక్రమమే కుంటుపడింది. చివరికి దాని రెండో అలవాటుని పట్టుకున్నారు. మనుబోతు కంచెని దూకదు, ఎప్పుడూ ఒకే సందులోంచి దూరుతుంది. ఆ సందు దగ్గర సెన్సార్ స్ప్రేయర్ పెట్టి, స్టైనెర్నీమా రియోబ్రేవ్ అనే నులిపురుగుల్ని నీళ్లలో కలిపి ఒంటి మీద చల్లుతారు. ఆ పురుగులు పిడుదులోకి చొరబడి చంపుతాయి. ఇక మిగిలింది హెలికాప్టర్ నుంచి కాల్చడం. పిడుదుదీ ఆసియానే, మనుబోతుదీ ఆసియానే. విడివిడిగా సముద్రం దాటి వచ్చి ఇక్కడ మళ్లీ కలుసుకున్నాయి!

రెడ్ డీర్, సికా, ఎల్క్ పెంచేవాళ్లకి క్రానిక్ వేస్టింగ్ రోగం (జింకల మెదడుని దెబ్బతీసి బక్కచిక్కించి చంపేది) నిబంధనలు వేరే ఉన్నాయి. ఈ మూడింటికీ ఆ రోగం వస్తుంది, కాబట్టి తరలించాలంటే గుర్తింపు ట్యాగు, పరీక్షలు, లెక్కలు తప్పనిసరి. మోదుగుపూలు గారు అడిగిన 40 ఎకరాలకి అది అవసరం పడదు.

సాలెగూడు

మూడో ప్రశ్నకి: కాల్చేవాడికి ఆ జంతువు అక్కడ ఉండటమే కావాలి. తగ్గకపోవడానికి కారణం అదే.

కాస్త వివరంగా. టెక్సస్ చట్టంలో దుప్పి గేమ్ యానిమల్ (సీజనూ లెక్కా పెట్టి వేటాడనిచ్చే జంతువు) కాదు. తెల్లతోక మామూలు తుపాకీ సీజన్ నవంబరు నుంచి జనవరి మొదటి వారాల దాకానే, దుప్పికి ఏ సీజనూ లేదు. దుప్పి మగవాటి కొమ్ములు ఒకటి ఒక నెలలో, ఇంకోటి ఇంకో నెలలో గట్టిపడతాయి కాబట్టి మే, జూన్‌లోనూ ట్రోఫీ అమ్మొచ్చు. తెల్లతోక మాంసం అమ్మడం నేరం, దుప్పి మాంసం ఇన్‌స్పెక్షన్ అయితే అమ్ముకోవచ్చు. ఖాళీ నెలల్లో డబ్బు తెచ్చే జంతువుని ఏ రాంచర్ పూర్తిగా తీసేస్తాడు? వేటగాడు డబ్బిచ్చేది పెద్ద కొమ్ముల మగదానికి. ఒక్క మగది ఇరవై ఆడవాటికి చాలు, కాబట్టి పది మగవాటిని కాల్చినా వచ్చే ఏడు పిల్లల లెక్క మారదు.

దీనికి అందరికంటే గట్టి పాఠం టెనెసీ పందులది. 1912లో నార్త్ కరోలినాలో హూపర్ బాల్డ్ అనే కొండ మీద ఒక వేట క్లబ్బు కోసం ఐరోపా అడవిపందుల్ని దడిలో పెట్టారు, 1920ల మొదట్లో అవి బయటపడి ఊరపందులతో కలిశాయి. టెనెసీలో చాలాకాలం అవి కొండ కౌంటీల్లోనే ఉన్నాయి. 1999లో వాటిని తగ్గిద్దామని రాష్ట్రమంతా లెక్కలేని వేటకి అనుమతి ఇచ్చారు. పందులు ఎక్కువ వ్యాపించింది సరిగ్గా ఆ తర్వాతే. వేటంటే మోజున్నవాళ్లు ట్రైలర్లలో పందుల్ని ఎక్కించుకుని తమ ఊరి అడవిలో వదిలారు. 95 కౌంటీల్లో దాదాపు 80కి చేరాయి. 2011లో వాటిని గేమ్ జాబితా నుంచి తీసేసి, సరదా వేట ఆపి, భూమి యజమానులకి బోనులతో పట్టే హక్కు పెంచారు. కాన్సాస్ అయితే 2006లోనే పందుల సరదా వేటని నిషేధించింది.

హవాయిలో 1868లో హాంకాంగ్ నుంచి రాజుకి కానుకగా వచ్చిన దుప్పులు మొలొకాయ్‌లో మొదలై మావీ దాకా చేరాయి. పెద్ద దీవిలో మాత్రం ఉండేవి కావు. 2009లో ఎవరో హెలికాప్టర్‌లో నాలుగు దుప్పుల్ని అక్కడికి దించారు, మారకంగా మౌఫ్లాన్ గొర్రెల్ని మావీకి తెచ్చారు. కేసయింది, తర్వాత దీవుల మధ్య జింకల్ని తరలించడాన్నే చట్టం చేసి నిషేధించారు. గిట్టల జంతువే లేకుండా పెరిగిన అక్కడి మొక్కలకి ముళ్లూ లేవు, చేదూ లేదు. దుప్పి నోటికి అవి వడ్డించిన విస్తరి.

న్యూజిలాండ్ సంగతి క్లుప్తంగా: గబ్బిలాలు తప్ప నేల మీది క్షీరదం లేని దేశానికి జింకల్నీ, షామోయిస్, హిమాలయన్ తార్ అనే కొండమేకల వంటి జంతువుల్నీ తెచ్చారు. 1930లో జింకలకి రక్షణ తీసేసి ప్రభుత్వమే జీతమిచ్చి వేటగాళ్లని పెట్టింది. నడిచి కాల్చినన్నాళ్లూ పెద్దగా తగ్గలేదు. 1960ల నుంచి హెలికాప్టర్లూ, మాంసం ఎగుమతీ కలిశాకే తగ్గాయి. తార్‌ని 1904లో వదిలారు. 1993 ప్రణాళికలో గరిష్ఠం 10,000 అని రాసుకున్నారు, 2020 నాటికి అంచనాలు దానికి మూడింతలు. తగ్గించబోతే వేటగాళ్ల సంఘం కోర్టుకెక్కింది. అదే జంతువు సొంత హిమాలయాల్లో తగ్గిపోతోంది.

మన దేశంలోనూ ఉంది ఈ సమస్య. అండమాన్‌లో దుప్పి స్థానికం కాదు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ వాళ్లు వేట కోసం వదిలారు. రాస్ ద్వీపానికి (ఇప్పటి పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్) వెళ్లిన టూరిస్టులు బిస్కెట్లు పెట్టేవి అవే. అక్కడ పులి లేదు, చిరుత లేదు. దుప్పులు ఎక్కువున్న చోట అడవి కింది అంతస్తు మొక్కలు పల్చబడి, వాటి మీద బతికే బల్లులూ తొండలూ బాగా తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది. కాల్చి తగ్గిద్దామంటే ప్రధాన భూభాగంలో దుప్పిని కాపాడే చట్టమే అక్కడా అడ్డం. టెక్సస్‌లో డబ్బు కాపాడుతోంది, అండమాన్‌లో చట్టం కాపాడుతోంది, ఫలితం మొక్కలకి ఒకటే.

మోదుగుపూలు

అందరికీ ధన్యవాదాలు. నాలుగోది మిగిలిపోయింది. 40 ఎకరాలు, మామూలు తక్కువ ఎత్తు కంచె, ఒక వాగు, మధ్యలో మొక్కజొన్న ఫీడర్ ఒకటి ఉన్నాయనుకుందాం. మొదట ఏం చెయ్యాలి?

కంచెరాట

మొదట ఆ ఫీడర్ కట్టేయాలి. మొక్కజొన్న చల్లే ఫీడర్ దగ్గరికి దుప్పులు గుంపుగా వస్తాయి, తెల్లతోకలు దూరంగా నిలబడి చూస్తాయి. పందుల్ని ఆపడానికి ఫీడర్ చుట్టూ కట్టే మూడడుగుల దడి దుప్పిని ఆపదు. తెల్లతోకల కోసం అని పెట్టే ఖర్చంతా దుప్పి పొట్టలోకే పోతుంది.

రెండోది, నష్టం ఉందో లేదో కొలవడం. ఆరడుగుల ఎత్తు వెల్డెడ్ వైరు 16 అడుగుల ముక్క తీసుకుని చుట్టగా వంచితే అయిదడుగుల వ్యాసం వస్తుంది. మూడు టీ పోస్టులు (T ఆకారం ఇనప రాటలు) కొట్టి నిలబెట్టండి. అడుగున కుందేలు దూరేంత సందు వదలాలి, లేకపోతే కుందేలు తిన్నది కూడా దుప్పి ఖాతాలో పడుతుంది. ఓక్ మొలకలున్న చోట రెండు, గడ్డిలో ఒకటి. ప్రతి చుట్టకీ పక్కనే అంతే కొలతలో బయట ఒక జాగాకి మేకులు కొట్టి గుర్తు పెట్టాలి. వసంతంలో, సెప్టెంబరులో రెండింటినీ ఒకే ఎత్తు నుంచి ఫొటో తీయండి. రెండో ఏడాదికి లోపల ఓక్ మొలకలు మోకాలి దాకా లేచి, బయట జానెడు మించకపోతే ఇక వాదన అక్కర్లేదు. పొదలన్నీ ఒకే ఎత్తున కత్తిరించినట్టు కనబడితే చుట్ట పెట్టకముందే సమాధానం దొరికినట్టు.

ఎన్ని ఉన్నాయో తెలియడానికి 40 ఎకరాలకి ఒక కెమెరా చాలు. వారం ముందు నుంచి ఎర వేసి, ఆపైన 14 రోజులు నడపండి. తెల్లతోకల్లో మగవాటిని కొమ్ముల్ని బట్టి ఒక్కొక్కటిగా గుర్తుపట్టి లెక్క వేస్తారు. దుప్పుల్లో కొన్ని మెత్తటి కొమ్ములతో, కొన్ని గట్టివాటితో, కొన్ని ఊడిపోయి ఉంటాయి కాబట్టి ఆ పద్ధతి తప్పు లెక్క ఇస్తుంది. మొత్తం సంఖ్య కంటే ప్రతి వంద జింక ఫొటోల్లో దుప్పులెన్ని, తెల్లతోకలెన్ని అనే నిష్పత్తిని ఏటా అదే నెలలో చూడటం మేలు. గుర్తు తేలికే: పెద్దయ్యాక కూడా ఒంటి నిండా చుక్కలుంటే దుప్పి. తెల్లతోకకి పిల్లప్పుడే ఉంటాయి.

కంచె గురించి. ఎనిమిదడుగుల కంచె 40 ఎకరాల చుట్టూ వేస్తే డబ్బు దండగ, వాగు ఉందన్నారు కాబట్టి మరీను. వాగు దాటే చోట కట్టిన అడ్డు మొదటి వరదకే కొట్టుకుపోతుంది. రాంచ్‌ల నుంచి ఈ జంతువులు బయటపడిన దారుల్లో అదొకటి. దుప్పి కంచెని దూకడం కంటే కింద నుంచి దూరడానికే ఇష్టపడుతుంది, కాబట్టి అడుగు తీగ నేలకి ఆనుకుని ఉంటే రాకపోకలు తగ్గుతాయి. పూర్తిగా ఆగవు.

కాల్చడం. స్థానిక తెల్లతోక కాకపోయినా హంటింగ్ లైసెన్సు కావాలి. సొంత భూమిలో అడవిపందికి అక్కర్లేదు కదా అని దుప్పికి కూడా అక్కర్లేదనుకుని ఇరుక్కుంటారు. చెవికి ట్యాగు ఉంటే తుపాకీ దించి ముందు పక్క రాంచ్‌కి ఫోన్ చెయ్యండి. కాల్చేవాళ్లకి ఒకే షరతు పెట్టండి: ఒక మగదానికి ముందు రెండు ఆడవి. ఆడవి తగ్గకపోతే ఏమీ తగ్గనట్టే, సాలెగూడు గారు చెప్పిందే. ఈ షరతుకి ఒప్పుకోని వేటగాడు మీ పనికి రాడు. గుంపులో ఒకదాన్ని కాల్చి మిగతావాటిని తరిమితే అవి ఆ చోటికి పగలు రావడం మానేస్తాయి, రాత్రి మాత్రం మేస్తాయి. ఒక్కసారే రెండు, మూడు పడేలా నిశ్శబ్దంగా కూర్చోవాలి.

40 ఎకరాలు దుప్పుల మందకి ఒక పూట మేత. మీరు ఎన్ని తీసినా పక్కన ఫీడర్లు తిరుగుతుంటే అవి నిండుతూనే ఉంటాయి. చుట్టుపక్కల భూములవాళ్లు కలిసి పెట్టుకునే వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్లు చాలా కౌంటీల్లో ఉన్నాయి. అందులో చేరి ఆడవాటి లెక్క అందరూ కలిసి పెట్టుకుంటేనే మీ తూటాకి విలువ.

పన్ను సంగతి జాగ్రత్తగా వినండి. వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ కింద భూమి విలువ తక్కువగా కట్టించుకోవాలంటే అది స్థానిక జంతువుల కోసమే అయ్యుండాలి. దుప్పి, కృష్ణజింక, మనుబోతు లెక్కలోకి రావు. అంతకుముందు ఏడాది ఆ భూమికి వ్యవసాయ లేదా కలప విలువ కట్టి ఉండాలి. కొనేముందు అమ్మేవాడి పన్ను కాగితంలో అది చూసుకోండి, అది తెగితే మళ్లీ మొదటి నుంచి. ఏడు పనుల్లో కనీసం మూడు ఏటా చెయ్యాలి: నివాసం బాగుచేయడం, నేల కోత ఆపడం, వేటాడి తినే జంతువుల అదుపు, నీళ్లు, అదనపు మేత, ఆశ్రయాలు, లెక్కింపు. ప్లాన్‌తో పాటు దరఖాస్తు జనవరి 1, ఏప్రిల్ 30 మధ్య కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (పన్ను కోసం భూమి విలువ కట్టే ఆఫీసుకి) ఇవ్వాలి.

ఇందులో ఒక వెసులుబాటు ఉంది. దుప్పుల్ని తీసేయడం తెల్లతోకల నివాసాన్ని బాగుచేసే పనిగా ప్లాన్‌లో రాసుకోవచ్చు. కెమెరా లెక్కింపు ఇంకో పని. వాగు పక్కన కోత ఆపడం మూడోది. ఎన్ని ఆడవి తీశారో తేదీలతో పుస్తకంలో రాసి, చుట్టల ఫొటోలు జత చేసి ఉంచుకోండి. అప్రైజర్ అడిగేది ఆ కాగితాలే.

మోదుగుపూలు

చుట్టకి వాడే వైరు కన్ను ఎంత సైజు ఉండాలి?

కంచెరాట

రెండంగుళాలకి నాలుగంగుళాలు. అంతకంటే పెద్దదైతే పిల్ల దుప్పి మూతి పెట్టి అంచుల్లోని మొక్కల్ని లాగేస్తుంది. అంచు నుంచి అడుగు వదిలేసి మధ్యలోనే కొలవండి.